చేతికందిన ఎస్‌యూవీ.. అందని లెక్కలు

పది లక్షల లోపు వాహనంపై మధ్యతరగతి మోజు
రోడ్డెక్కాకే తెలుస్తున్న అసలు భారం

గుంటూరు: ఒకప్పుడు పల్లె పొలిమేరలో ఎత్తయిన వాహనం ఆగిందంటే తహసీల్దారో, గుత్తేదారో, రాజకీయ నాయకుడో వచ్చాడని ఊరంతా అనుకునేది. ఆ రోజులు పోయాయి. నేడు నరసరావుపేట పరిసరాల మిర్చి రైతు, తెనాలిలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు, బాపట్లలో ఎరువుల దుకాణం నడిపే వ్యాపారి, పల్లె ఆరోగ్య కేంద్రానికి రోజూ వెళ్లివచ్చే నర్సు కూడా అదే తరహా వాహనానికి యజమానులయ్యారు. నాలుగు మీటర్ల లోపు పొడవు, ఎత్తయిన కూర్పు, పది లక్షల రూపాయల చుట్టూ తిరిగే ధర. ఈ మూడు కలిసిన 'చిన్న ఎస్‌యూవీ' మధ్యతరగతి ఇంటి ముంగిట హోదాకు గుర్తుగా నిలిచింది.

అయితే కొన్ననాటి సంబరం ఏడాది తిరిగేసరికి లెక్కల పుస్తకంలోకి మారుతోందని పలువురు యజమానులు చెబుతున్నారు. వాహనం చెడ్డదని వారెవరూ అనడం లేదు. ఎత్తుగా కూర్చుని నడపడంలోని హాయిని, గతుకుల దారిలోనూ అడుగు భాగం తగలకుండా సాగిపోయే ధీమాను అందరూ మెచ్చుకుంటున్నారు. కాకపోతే షోరూంలో విన్న ధరకు, ఇంటికి తెచ్చుకున్నాక మోస్తున్న భారానికి పొంతన లేదన్నది వారి ఆవేదన. 'కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి' అన్న సామెత కార్ల విషయంలో ఇంతగా వర్తిస్తుందని అనుకోలేదని వారు అంటున్నారు. ఈ వ్యత్యాసం ఎక్కడ మొదలవుతోంది? కొనుగోలుదారు ఎక్కడ జాగ్రత్త పడాలి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతికే ప్రయత్నమే ఈ కథనం.

పన్ను గీసిన గీతలోనే పుట్టుక

మన రోడ్లపై పెద్ద వాహనాలకు కొరత లేదు. టాటా సుమో 1994లో, మహీంద్రా బొలెరో 2000లో, స్కార్పియో 2002లో వచ్చాయి. కానీ అవి ప్రధానంగా ట్రావెల్స్ వారికి, పెద్ద కుటుంబాలకు, స్థితిమంతులకు పరిమితమయ్యాయి. సామాన్యుడి అందుబాటులోకి ఈ తరహా వాహనం రావడానికి కారణం ఇంజినీర్ల ఆలోచన కన్నా ఒక పన్ను నిబంధన కావడం విశేషం.

2006 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారు అంటే ఏమిటో కూడా అప్పుడే నిర్వచించారు. పొడవు 4,000 మిల్లీమీటర్లు మించరాదు. పెట్రోలు ఇంజిన్ 1,200 సీసీ, డీజిలు ఇంజిన్ 1,500 సీసీ దాటరాదు. ఈ గీత లోపల ఉంటే తక్కువ పన్ను, దాటితే ఎక్కువ పన్ను. తయారీ సంస్థలు ఆ గీతను చూసే వాహనాలను మలచడం మొదలుపెట్టాయి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతి విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, 2020లో కియా సోనెట్, 2021లో టాటా పంచ్, 2023లో హ్యుందాయ్ ఎక్స్‌టర్ వరుసగా బరిలో దిగాయి. చివరకు బొలెరోకు సైతం 2016లో నాలుగు మీటర్ల లోపు పొడవుతో, 1.5 లీటర్ల ఇంజిన్‌తో కొత్త రూపం తెచ్చారు.

ఈ ఒరవడిలో మన రాష్ట్రానికీ వాటా ఉంది. నాటి అనంతపురం జిల్లా, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ వద్ద కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. సెల్టోస్, సోనెట్ అక్కడి నుంచే దేశమంతటికీ వెళ్తున్నాయి. ఇక 2024లో దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారు టాటా పంచ్ కావడం జనం మొగ్గు ఎటు ఉందో చెప్పకనే చెబుతోంది.

కొనుగోలుదారు గ్రహించవలసిన అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ వాహనాల కొలతలను నిర్ణయించింది మన రోడ్లూ కాదు, మన కుటుంబాలూ కాదు. ముందు భాగం జీపులా ఠీవిగా ఉండాలి, లోపల అయిదుగురు కూర్చోవాలి, మొత్తం పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు. దీంతో కోత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. వెనుక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే భుజాలు ఒరుసుకోవడం, పండుగకు ఊరెళ్లేటప్పుడు సామాను డిక్కీలో పట్టకపోవడం వంటి ఫిర్యాదులకు మూలం ఇదే. పలు నమూనాల్లో మూడు సిలిండర్ల ఇంజిన్ ఉండటానికి కూడా 1,200 సీసీ పరిమితే ఒక ముఖ్య కారణం. నలుగురు మనుషులతో, ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆయాసపడుతోందని కొందరు అంటున్నారంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ప్రకటనలో ఒక ధర.. రసీదులో మరో ధర

పత్రికల్లో, హోర్డింగులపై కనిపించేది షోరూం ధర మాత్రమే. దానికి జీవిత పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ రుసుము కలిస్తేనే వాహనం రోడ్డెక్కుతుంది. వీటిలో పెద్ద వాటా జీవిత పన్నుది. రాష్ట్రంలో 2021 నాటి సవరణ ప్రకారం అయిదు లక్షల లోపు కారుకు 13 శాతం, అయిదు నుంచి పది లక్షల మధ్య 14 శాతం, పది నుంచి ఇరవై లక్షల మధ్య 17 శాతం చొప్పున శ్రేణులు ఏర్పడ్డాయి.

ఈ మెట్ల లెక్క తెలియక నష్టపోయిన వారు ఉన్నారు. ఉదాహరణకు 9.90 లక్షల రూపాయల వాహనానికి 14 శాతం చొప్పున 1,38,600 రూపాయల పన్ను పడుతుంది. అదే వాహనంలో అద్దాల పైకప్పు ఉందనో, రంగు బాగుందనో ఒక మెట్టు పైరకం ఎంచుకుని ధర 10.10 లక్షలకు చేరితే 17 శాతం చొప్పున 1,71,700 రూపాయలు కట్టాలి. ధరలో తేడా ఇరవై వేలు కాగా పన్నులో తేడా 33,100 రూపాయలు. అంటే ఇరవై వేల ముచ్చట కోసం యాభై మూడు వేలు వెచ్చించినట్లు. దీనికి తోడు పది లక్షలు దాటిన వాహనంపై ఒక శాతం పన్నును అమ్మకందారు అక్కడే వసూలు చేస్తారు. ఆదాయ పన్ను రిటర్ను దాఖలు చేసేవారికి ఆ సొమ్ము సర్దుబాటవుతుంది. రిటర్ను అలవాటు లేని రైతు కుటుంబాలు దానిని ఖర్చు కిందనే రాసుకుంటున్నాయి.

బీమా రెండో మలుపు. సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకు ఈ మూడేళ్ల ప్రీమియం 10,640 రూపాయలు, పన్ను అదనం. ఇది ఎక్కడ కొన్నా ఒకటే. తేడా వచ్చేది సొంత వాహన నష్టానికి చేసే బీమాలోనే. ఆ పాలసీని షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. అయినా బయట బీమా తెచ్చుకుంటే రాయితీ ఇవ్వబోమని, వాహనం అప్పగింత ఆలస్యమవుతుందని బెదిరించినంత పని చేశారని తెనాలి ప్రాంత ఉపాధ్యాయుడొకరు గుర్తు చేసుకున్నారు. పట్టుబట్టి వేరే రెండు కంపెనీల ధరలు తెచ్చి చూపాక అదే షోరూం తన ప్రీమియం తగ్గించిందని ఆయన తెలిపారు.

మూడోది 'హ్యాండ్లింగ్' పేరిట, 'లాజిస్టిక్స్' పేరిట, 'తప్పనిసరి యాక్సెసరీల' పేరిట వేసే పద్దులు. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం సొంత వినియోగ కారుకు రిజిస్ట్రేషన్ రుసుము 600 రూపాయలు, రుణంపై కొంటే ఆ నమోదుకు 1,500 రూపాయలు, స్మార్ట్ కార్డుకు 200 రూపాయలు. రాష్ట్ర సేవా రుసుములు స్వల్పం. వీటికి మించి వేలల్లో రాసిన ప్రతి పద్దుకూ కారణం అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. అడిగిన వారికి తగ్గుతోంది, అడగని వారిపై పడుతోంది. కాళ్ల కింద వేసే పట్టాలు, సీటు తొడుగులు, అంచుల రబ్బరు పట్టీలు కలిపి పాతిక వేల పైచిలుకు బిల్లు వేశారని, అవే సరుకులు గుంటూరు దుకాణాల్లో సగం ధరకు దొరుకుతున్నాయని ఓ యజమాని వాపోయారు.

పంటకు రుతువుంది.. కిస్తీకి లేదు

జిల్లాలో వాహన కొనుగోళ్లకూ మిర్చి ధరకూ విడదీయరాని బంధం ఉంది. 2023లో క్వింటా ధర ఇరవై వేల రూపాయలు దాటి పలికిన రోజుల్లో పలువురు రైతులు ధైర్యంగా వాహనాలు కొన్నారు. 2025 ఆరంభానికి పరిస్థితి తలకిందులైంది. ధర పతనమై గుంటూరు యార్డులో రైతులు గగ్గోలు పెట్టగా, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. పంట ధర పడిపోయింది గానీ కారు కిస్తీ మాత్రం ప్రతి నెలా అదే తేదీన బ్యాంకు ఖాతా తలుపు తడుతూనే ఉంది.

నరసరావుపేట సమీప గ్రామ రైతొకరు తన అనుభవాన్ని ఇలా వివరించారు. కిస్తీ తక్కువ పడుతుందన్న మాట నమ్మి ఏడేళ్ల గడువు పెట్టుకున్నారు. రెండో ఏడు పంట చేతికి రాకపోవడంతో కారు కిస్తీ కోసం బయట వడ్డీకి తెచ్చారు. కారు వద్దన్న భార్య మాట వినకపోవడమే తప్పయిందని ఆయన నొచ్చుకున్నారు. అమ్మేద్దామని విచారిస్తే మిగిలిన అప్పు కన్నా పలికే ధరే తక్కువగా ఉందట.

ఏడేళ్ల గడువు మాయ ఏమిటో అంకెల్లో చూస్తే తేటతెల్లమవుతుంది. ఎనిమిది లక్షల రుణాన్ని 9.5 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుంటే నెలకు సుమారు 16,800 రూపాయల కిస్తీ పడుతుంది. మొత్తం వడ్డీ 2.08 లక్షలు. అదే రుణానికి ఏడేళ్ల గడువైతే కిస్తీ సుమారు 13,075 రూపాయలకు దిగుతుంది గానీ వడ్డీ 2.98 లక్షలకు ఎగబాకుతుంది. నెలకు మూడు వేల ఏడు వందలు తగ్గిందన్న ఊరటకు చెల్లించే మూల్యం దాదాపు 90 వేల రూపాయలు. ఏడో ఏట కిస్తీ కడుతున్నప్పుడు ఆ వాహనం ధర ఎంత మిగిలి ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

పన్ను తగ్గింది.. కొందరు ఉసూరుమన్నారు

2017 జులైలో జీఎస్టీ వచ్చాక చిన్న పెట్రోలు కారుపై 29 శాతం, చిన్న డీజిలు కారుపై 31 శాతం పన్ను అమలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ రెండింటినీ 18 శాతానికి తగ్గించారు. గీత దాటిన పెద్ద వాహనాలకు సెస్సు తీసివేసి 40 శాతం పన్ను నిర్ణయించారు. పన్నుకు ముందు ఏడు లక్షల విలువ గల పెట్రోలు వాహనం పాత లెక్కన 9.03 లక్షలు కాగా, కొత్త లెక్కన 8.26 లక్షలు. అంటే 77 వేల రూపాయల ఆదా. ధర తగ్గితే జీవిత పన్ను కూడా ఆ మేరకు తగ్గుతుంది.

ఈ మార్పు కొత్తగా కొనేవారికి ఊరటనిచ్చింది. అయితే ఆ ఏడాది శ్రావణ మాసంలో మంచి రోజు చూసుకుని బండి తెచ్చుకున్న వారికి నెల తిరగకుండానే డెబ్భై, ఎనభై వేలు పోయినట్లయింది. పన్ను సంస్కరణ ఉంటుందని ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన తర్వాత కూడా, తగ్గింపు చిన్న వాహనాలకు వర్తించదని చెప్పి తమకు అంటగట్టారని ఇద్దరు యజమానులు ఆరోపించారు. పాత వాహనాన్ని అమ్మదలచిన వారిపైనా దెబ్బ పడింది. కొత్త దాని ధర తగ్గితే పాత దాని విలువ తానే దిగివస్తుంది కదా!

మరో చిక్కు కూడా ఉంది. పొడవు నాలుగు మీటర్ల లోపు ఉన్నంత మాత్రాన 18 శాతం పన్ను వర్తించదు. ఇంజిన్ సామర్థ్యం కూడా హద్దులో ఉండాలి. 1,462 సీసీ పెట్రోలు ఇంజిన్ గల మారుతి బ్రెజా పొడవులో చిన్నదైనా పన్నులో పెద్ద వాహనాల వరుసలోనే నిలుస్తోంది. 1,493 సీసీ డీజిలు ఇంజిన్ గల బొలెరో చిన్న వాహనాల వరుసలో ఉంది. రెండు వాహనాలను పోల్చేటప్పుడు ఈ తేడాను గమనించడం అవసరం.

కాగితంపై మైలేజీ.. కాలువ గట్టుపై మైలేజీ

దాదాపు ప్రతి యజమాని నోటా వినిపించిన మాట మైలేజీ. ప్రయోగశాల పరీక్షలో వచ్చిన అంకెను ప్రకటనల్లో వేస్తారు. ఏసీ, నలుగురు మనుషులు, గేదెల మందలు, స్పీడు బ్రేకర్లు ఆ పరీక్షలో ఉండవు. లీటరుకు 18 కిలోమీటర్లని నమ్మి కొన్న వాహనం 13 ఇస్తే, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే వ్యక్తికి 21 లీటర్లకు పైగా అదనంగా పడుతుంది. లీటరు 110 రూపాయల లెక్కన నెలకు సుమారు 2,350 రూపాయలు, ఏడాదికి 28 వేలు. ఎత్తయిన కూర్పు గాలిని ఎక్కువగా ఎదుర్కొంటుంది కనుక జాతీయ రహదారిపై వేగం వంద దాటితే మైలేజీ మరింత పడిపోతుంది. ఎనభై వద్ద నిలకడగా నడిపిన వారికే చెప్పుకోదగ్గ మైలేజీ వస్తోంది.

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మరో చర్చనీయాంశం. 2023లో మొదలైన ఈ ఇంధనం 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. మైలేజీలో తగ్గుదల ఉంటుందని కేంద్ర పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో అంగీకరించింది. ఆ మిశ్రమానికి అనువుగా సవరించిన కార్లలో ఒకటి, రెండు శాతం, ఇతర వాహనాల్లో మూడు నుంచి ఆరు శాతం వరకు తగ్గవచ్చని పేర్కొంది. కనుక పాత వాహనం కొనేవారు అది ఏ ఇంధనానికి అనువైనదో యజమాని పుస్తకంలో, ఇంధన మూతపై చూసుకోవాలి.

డీజిలు కొనాలనుకునే వారు మరో సంగతి తెలుసుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణాల వల్ల పొగలోని మసిని పట్టే వడపోత పరికరాన్ని అమర్చుతున్నారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే వాహనం అప్పుడప్పుడు అరగంట సేపయినా నిలకడ వేగంతో పరుగెత్తాలి. ఇంటి నుంచి దుకాణానికి, దుకాణం నుంచి బ్యాంకుకు మాత్రమే తిరిగితే వడపోత మూసుకుపోయి హెచ్చరిక దీపం వెలుగుతుంది. బాపట్ల వ్యాపారికి ఎదురైన కష్టం ఇదే. వారానికోసారి చీరాల దాకా జాతీయ రహదారిపై వెళ్లివస్తే సరిపోయేదని మెకానిక్ చెప్పేసరికే రెండుసార్లు సర్వీసు ఖర్చు అయిందని ఆయన నిట్టూర్చారు. రోజూ దూరం తిరిగేవారికి డీజిలు, ఊళ్లో తిరిగేవారికి పెట్రోలు అన్న పాత సూత్రం నేటికీ చెల్లుతుంది. బంకు దగ్గరలో ఉంటే సీఎన్‌జీ లాభమే గానీ సిలిండరుకు డిక్కీ స్థలం కొంత వదులుకోవాలి.

ఎత్తు ధైర్యమే.. భద్రత కాదు

ఈ వాహనాల ప్రధాన ఆకర్షణ నేలకూ అడుగు భాగానికీ మధ్య ఉన్న ఎత్తు. పంచ్‌కు 187, సోనెట్‌కు 205, నెక్సాన్‌కు 208 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్నట్లు తయారీ సంస్థలు ప్రకటించాయి. నల్లరేగడి పొలాల మధ్య డొంకదారిలో, ఇష్టారాజ్యంగా వేసిన స్పీడు బ్రేకర్లపై ఈ ఎత్తు ఎంతో మేలు చేస్తోంది. ఆరోగ్య కేంద్రానికి సొంతంగా నడుపుకుంటూ వెళ్లే నర్సు, ఎత్తుగా కూర్చోవడంతో ఎదుటి రోడ్డు స్పష్టంగా కనిపిస్తోందని, లారీల మధ్య చిక్కుకున్నా మునుపటి బెదురు లేదని చెప్పారు. మోకాళ్ల నొప్పులున్న తన తల్లి వంగకుండా ఎక్కి దిగగలుగుతున్నారని ఆమె సంతోషం వ్యక్తం చేశారు. కారు కొన్న ఇళ్లలో పెద్దవాళ్లు మెచ్చుకునే గుణం ఇదే.

అయితే ఎత్తు పెరిగితే వాహన బరువు కేంద్రం కూడా పైకి జరుగుతుంది. వంపు రోడ్డులో అదే వేగంతో తిప్పితే చిన్న కారు కన్నా ఇది ఎక్కువగా ఒరుగుతుంది. ఈ సంగతి కొనేముందు పది నిమిషాల టెస్ట్ డ్రైవ్‌లో తెలియదు. అదుపు తప్పినప్పుడు చక్రాలను విడివిడిగా సరిదిద్దే ఈఎస్‌సీ పరికరం ఉన్న రకాన్నే ఎంచుకోవడం మేలు.

భద్రత విషయంలో కొంత పురోగతి లేకపోలేదు. 2018 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నెక్సాన్ అయిదు నక్షత్రాలు సాధించింది. భారత్‌లో తయారైన కారుకు ఆ ఘనత దక్కడం అదే మొదలు. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరిట మన దేశంలోనే పరీక్షలు మొదలయ్యాయి. ఈ నక్షత్రాలు చూసి కొనేవారి సంఖ్య పెరగడం శుభ పరిణామం. కానీ అదే వ్యక్తి ఇంటికి రాగానే ముందు భాగాన ఇనుప గార్డు బిగిస్తే ఏమనాలి? ఢీకొన్నప్పుడు దెబ్బను ముందు భాగం నలిగి తాను భరించాలి, ఆ క్షణంలోనే ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవాలి. ఇనుప గార్డు ఈ రెండింటికీ అడ్డు తగులుతుంది. పాదచారులకు మరింత ప్రమాదం. అందుకే వీటిని అడ్డుకోవాలని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలను ఆదేశించింది. అయినా జిల్లా రోడ్లపై ఇవి నిరాటంకంగా తిరుగుతున్నాయి. వెనుక సీటులో బెల్టు పెట్టుకునేవారు వేళ్లపై లెక్కించేంతమందే.

నీళ్లలో దిగితే నిండా మునకే

ఎత్తు ఇచ్చే ధైర్యం కొన్నిసార్లు కొంప ముంచుతుంది. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద హైదరాబాద్ రహదారిపైకి నీరు చేరింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ వంటి ప్రాంతాలను రోజుల తరబడి ముంచెత్తింది. వేలాది వాహనాలు నీట నానాయి. అప్పుడు బయటపడిన చేదు నిజమేమంటే, సమగ్ర బీమా ఉన్నంత మాత్రాన ఇంజిన్ నష్టం మొత్తం రాదు. నీట మునిగిన వాహనాన్ని స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి ఇంజిన్ విరుగుతుంది. ఇది యజమాని చర్య వల్ల జరిగిన నష్టమంటూ, ఇంజిన్ రక్షణ అదనపు కవరు లేనివారి క్లెయింలను బీమా సంస్థలు నిరాకరించే అవకాశం ఉంది.

వరద తగ్గాక తాళం తిప్పకుండా, బ్యాటరీ తీగ తొలగించి, ఫొటోలు తీసి, బీమా సంస్థకు తెలిపి, క్రేనుపై తరలించిన వారే బయటపడ్డారు. కొల్లేరు, కృష్ణా తీర గ్రామాల వారు పాలసీ తీసుకునేటప్పుడు ఈ అదనపు కవరు గురించి తప్పక అడగాలి. క్లెయిం తిరస్కరిస్తే ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండానే ఆశ్రయించవచ్చు.

సర్వీసుకు వెళ్తే సాయంత్రమే

వాహనం కొనేముందు షోరూం ఎంత దూరమో చూస్తారు గానీ సర్వీసు కేంద్రం ఎంత దూరమో చాలామంది చూడరు. ఊళ్లో అమ్మకాల కౌంటరు ఉన్నా, పెద్ద మరమ్మతుకు గుంటూరో, విజయవాడో వెళ్లవలసి రావడం పల్నాడు ప్రాంత యజమానుల ప్రధాన ఇబ్బంది. ఒక రోజు పని పోతుంది, రాకపోకల ఖర్చు వేరే. 'ఉచిత సర్వీసు' అంటే కూలీ మాత్రమే ఉచితమని, ఆయిలు, ఫిల్టర్ల ఖర్చు తమదేనని తెలియక వాగ్వాదానికి దిగినవారున్నారు. ఇంజిన్ శుద్ధి, ఏసీ శుద్ధి, రంగుకు పూత అంటూ కంపెనీ పట్టికలో లేని పనులు బిల్లులో చేరుతున్నాయని పలువురు ఆరోపించారు. యజమాని పుస్తకంలో ఏ కిలోమీటరు వద్ద ఏ పని చేయాలో ముద్రించి ఉంటుంది. ఆ పుట తెరిచి చూపితే చాలు, అనవసర పద్దులు ఆగిపోతాయి.

అడిగేవారికే న్యాయం

అన్యాయం జరిగిందని అనిపిస్తే మార్గాలు లేకపోలేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం వాహనం ఎక్కడ కొన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షలు మించని కేసులు ఇక్కడికే వస్తాయి. అయిదు నుంచి పది లక్షల మధ్య వాహనానికి కోర్టు రుసుము 200 రూపాయలు, పది నుంచి ఇరవై లక్షల మధ్య 400 రూపాయలు మాత్రమే. రెండేళ్లలోగా వెళ్లాలి. రసీదులు, బుకింగ్ ఫారం, జాబ్ కార్డులు దాచుకున్నవారి పక్షానే తీర్పు మొగ్గుతుంది. నోటి మాట సాక్ష్యం కాజాలదు.

కొనేవారు పాటించవలసిన జాగ్రత్తలను అనుభవజ్ఞులు ఇలా చెబుతున్నారు. బేరం షోరూం ధరపై కాక రోడ్డెక్కే ధరపై సాగాలి. ప్రతి పద్దునూ కాగితంపై రాయించుకోవాలి. ఇంటిల్లిపాదితో కలిసి, ఏసీ వేసి, తాము రోజూ తిరిగే దారిలోనే నడిపి చూడాలి. రిజిస్ట్రేషన్‌కు ముందే వాహనం తయారైన నెల, సంవత్సరం సరిచూసుకోవాలి. ధర పది లక్షల అంచున ఉంటే పన్ను మెట్టు లెక్క వేసుకోవాలి. కిస్తీ మొత్తం మంచి ఏడాది ఆదాయాన్ని బట్టి కాక, చెడ్డ ఏడాది ఆదాయాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

ప్రభుత్వం చేయవలసినదీ ఉంది. ప్రతి షోరూంలో జీవిత పన్ను శ్రేణులు, అధికారిక రుసుములు అందరికీ కనిపించేలా తెలుగులో బోర్డు పెట్టించడం రవాణా శాఖకు పెద్ద పని కాదు. దానివల్ల ఖజానాకు పైసా నష్టం లేదు, కొనుగోలుదారుకు వేల రూపాయలు మిగులుతాయి.

సొంత వాహనం కావాలనుకోవడం తప్పు కాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినప్పుడు, వర్షంలో పిల్లను పరీక్షకు తీసుకెళ్లవలసి వచ్చినప్పుడు ఆ వాహనం విలువ అంకెలకు అందదు. కిస్తీకి బాధపడుతున్న నరసరావుపేట రైతు సైతం, గత ఏడాది గుండెనొప్పి వచ్చిన అన్నను నలభై నిమిషాల్లో గుంటూరు చేర్చింది ఆ బండేనని చెబుతూ దానిని అమ్మడానికి మనసొప్పడం లేదన్నారు. కావలసిందల్లా మోజుతో పాటు ముందుచూపు. మంచి రోజు చూసుకునే ముందు ఒక సాయంత్రం కాగితం, కలం పట్టుకుని భార్యాభర్తలు కూర్చుని లెక్క వేసుకుంటే, ఆ ముచ్చట ఏడేళ్లూ ముచ్చటగానే నిలుస్తుంది.